మాట పుట్టే చోటు: మఖ్రజ్ నుండి మస్తిష్కం దాకా

మానవునికి అల్లాహ్ ప్రసాదించిన వరాలలో వాక్కు మొదటి వరుసలో నిలుస్తుంది. దివ్య ఖుర్ఆన్‌లోని 'అర్రహ్మాన్' సూరా మానవ సృష్టిని ప్రస్తావించిన వెంటనే అతనికి భావప్రకటన నేర్పబడిన సంగతిని ప్రస్తావిస్తుంది. 'అర్రూమ్' సూరా మనుషుల భాషలు వేరువేరుగా ఉండటాన్ని దైవ నిదర్శనాలలో ఒకటిగా లెక్కిస్తుంది. అయితే ఈ వరం మనతో ఎంతగా కలిసిపోయిందంటే, అది పోయిన రోజున గాని దాని సంగతి మనకు పట్టదు.

ఆర్మూరు ప్రాంతంలో ఒక పెద్దమనిషికి పక్షవాతం వచ్చి మాట ఆగిపోతే "మాట పడిపోయింది" అంటారు. దక్కనీ మాట్లాడే ఇండ్లలో "జబాన్ బంద్ హోగయీ" అంటారు. వినేవారికి నేరమంతా నాలుకదే అనిపిస్తుంది. చాలా సందర్భాలలో నాలుక ఉన్నచోటే ఉంటుంది, అన్నం నములుతుంది, నీళ్ళు మింగుతుంది. దెబ్బ తగిలింది మెదడుకు. ఇంతకంటె పెద్ద పొరపాటు ఆ తర్వాత జరుగుతుంది. మాట పోయినవాడికి మతి కూడా పోయిందనుకుంటారు. నిన్నటిదాకా పసుపు కొమ్మును విరిచి చూసి ధర చెప్పిన మనిషిని నేడు ఎవరూ ఏమీ అడగరు. పొలం సంగతి, అప్పు సంగతి, బిడ్డ పెండ్లి సంగతి అతని మంచం పక్కనే, అతను అక్కడ లేనట్లే తేల్చుకుంటారు.

మాట వేరు, బుద్ధి వేరు అనే సంగతిని మనుషులు ఒక్క రోజులో తెలుసుకోలేదు. అందుకు సుమారు రెండు వేల ఏండ్లు పట్టింది. ఆ చరిత్రలో రోమ్, బస్రా, ఇస్ఫహాన్, పారిస్ నగరాలతో పాటు మన హైదరాబాదుకు కూడా ఒక స్థానం ఉంది. ఆ చరిత్రను స్థూలంగా పరిశీలించి, అది మన ఇండ్లలో ఏమి మార్చాలో ఆలోచించడమే ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

హృదయమా, మెదడా?

ప్రాచీన గ్రీకు తత్వవేత్తలలో అరస్తూ వంటి మహామేధావి సైతం మనిషిని నడిపించే కేంద్రం హృదయమే అన్నాడు. స్టోయిక్ తత్వవేత్తలు అందుకు ఒక తర్కం చూపారు. మాట గొంతు గుండా వస్తుంది, గొంతులోకి ఊపిరి ఛాతీ నుండి వస్తుంది, ఛాతీలో హృదయం ఉంది. కనుక మాటను పుట్టించే ఆలోచన కూడా హృదయంలోనే ఉంటుందని వారి వాదన.

ఈ వాదాన్ని క్రీ.శ. 2వ శతాబ్దంలో గేలెన్ అనే వైద్యుడు ప్రయోగంతో ఖండించాడు. అరబ్బులు ఇతనిని జాలీనూస్ అన్నారు. రోమ్ నగరంలో జనం సమక్షంలో అతడు ఒక పంది మెడను కోసి, స్వరపేటికకు పోయే సన్నని నరాలను బయటికి తీసి చూపాడు. ఆ నరాలను బిగించగానే జంతువు అరుపు ఆగిపోయింది. శ్వాస సాగుతూనే ఉంది, గుండె కొట్టుకుంటూనే ఉంది, గొంతు మాత్రం మూగబోయింది. ఆ నరాలు మెదడుతో సంబంధం గలవి. కనుక గొంతుకు ఆజ్ఞ ఇచ్చేది హృదయం కాదు, మెదడు అని తేలింది.

గేలెన్ గ్రంథాలు ముస్లిం ప్రపంచానికి అనువాదకుల ద్వారా చేరాయి. వారిలో అగ్రగణ్యుడు బగ్దాద్‌లో పనిచేసిన హునైన్ బిన్ ఇస్‌హాఖ్ (మరణం క్రీ.శ. 873). ఈయన హీరా ప్రాంతపు క్రైస్తవుడు. గేలెన్ రచనలలో 129 గ్రంథాలను పేర్కొంటూ, ఏది ఎవరు ఏ భాషలోకి అనువదించారో వివరిస్తూ ఆయన ఒక లేఖ రాశాడు. ఒక గ్రంథానికి దొరికిన గ్రీకు ప్రతులన్నిటినీ పోల్చి, పాఠం సరిచూసుకున్న తర్వాతనే అనువాదానికి పూనుకోవడం ఆయన పద్ధతి.

ఇబ్నె సీనా (క్రీ.శ. 980–1037) కాలానికి అరస్తూ వాదం, గేలెన్ వాదం రెండూ అరబీలో ఎదురెదురుగా నిలిచాయి. శక్తులన్నిటికీ మూలం హృదయమేనని తత్వవేత్తగా ఇబ్నె సీనా అంగీకరించాడు. కాని ఆ శక్తులు పనిచేసే చోటు మెదడు అన్నాడు. వైద్యుడు వైద్యుడిగా ఈ వివాదాన్ని తేల్చనక్కరలేదని 'అల్ ఖానూన్'లో సూచించాడు. మెదడు ముందు భాగం దెబ్బతింటే ఊహాశక్తి, వెనుక భాగం దెబ్బతింటే జ్ఞాపకశక్తి చెడిపోతాయన్నది ఆనాటి వైద్యుల అభిప్రాయం. ఈ శక్తులు మెదడు లోపలి గదులలో ఉంటాయని వారు భావించారు. ఆ గదులలో ఉన్నది ద్రవం మాత్రమేనని ఈనాడు మనకు తెలుసు. అయినా ఒక శక్తి చెడినప్పుడు మరొకటి నిలిచి ఉండగలదన్న మౌలికమైన ఆలోచన వారి మాటలలో ఉంది.

మఖారిజ్ శాస్త్రం

మెదడు సంగతి వైద్యులు చర్చిస్తూ ఉండగా, నోటి సంగతిని భాషావేత్తలు అంతకు ముందే పట్టించుకున్నారు. క్రీ.శ. 8వ శతాబ్దంలో బస్రాలో నివసించిన ఖలీల్ బిన్ అహ్మద్ తన 'కితాబుల్ ఐన్' నిఘంటువులో అరబీ అక్షరాలను అలిఫ్, బే, తే అన్న వాడుక క్రమంలో పెట్టలేదు. అక్షరం నోటిలో ఎక్కడ పుడుతుందో చూసి, గొంతు లోతునుండి మొదలుపెట్టి పెదవుల దాకా వచ్చాడు. అందుకే ఆ గ్రంథం 'ఐన్' అనే కంఠాక్షరంతో మొదలవుతుంది. ఆయన శిష్యుడు సీబవైహ్ అక్షరాలు పుట్టే చోట్లను 16గా లెక్కించాడు. తజ్వీద్ శాస్త్రంలో ప్రామాణికుడైన ఇబ్నుల్ జజరీ (క్రీ.శ. 1350–1429) వాటిని 17గా ఎంచి, నోటి కుహరం, గొంతు, నాలుక, పెదవులు, ముక్కు అనే అయిదు స్థానాల కింద చేర్చాడు. ఈనాటికీ మద్రసాలో ఖుర్ఆన్ పఠనం నేర్చుకునే పిల్లవాడు మొదట నేర్చుకునేది ఈ మఖారిజ్‌నే.

తెలుగు పాఠకునికి ఇది కొత్త సంగతి కాదు. మన అక్షరమాలలో క, చ, ట, త, ప వర్గాలు కూడా గొంతు వద్ద మొదలై పెదవుల వద్ద ముగుస్తాయి. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని మన వ్యాకరణం వాటిని పిలుస్తుంది. వేదపఠనంలో ఉచ్చారణ చెడకూడదన్న శ్రద్ధ ఈ దేశంలోనూ, ఖుర్ఆన్ పఠనంలో ఉచ్చారణ చెడకూడదన్న శ్రద్ధ అరబ్బు దేశంలోనూ మనిషి నోటిని నిశితంగా పరిశీలింపజేశాయి.

ఈ రెండు విద్యలను, అనగా వైద్యాన్నీ ఉచ్చారణ శాస్త్రాన్నీ, ఒక్కచోట కలిపినవాడు ఇబ్నె సీనా. 'అస్బాబు హుదూసిల్ హురూఫ్' అనే ఆయన చిన్న గ్రంథంలో ఆరు అధ్యాయాలున్నాయి. ధ్వని ఎట్లా పుడుతుంది, అక్షరం ఎట్లా పుడుతుంది, స్వరపేటిక, నాలుకల నిర్మాణం ఏమిటి, ఒక్కొక్క అరబీ అక్షరం పుట్టే తీరు ఏమిటి, అరబీలో లేని అక్షరాలు ఎట్లాంటివి, ప్రకృతిలోని ఏ శబ్దాలు ఏ అక్షరాలను పోలి ఉంటాయి అన్నవి వాటిలోని విషయాలు. స్వరపేటికలోని మృదులాస్థులను, వాటిని కదిలించే కండరాలను ఆయన వైద్యుని చూపుతో వర్ణించాడు. ఈ కండరాలకు మెదడులో ఏ చోటునుండి ఆజ్ఞ వస్తుందన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

పేర్లు చెప్పే సంగతి

అనువాదం చేసేవారికి ఒక జబ్బు పేరు ఆ జబ్బు గురించి ఒక జాతి ఏమనుకున్నదో చెబుతుంది. హఠాత్తుగా మెదడుకు వచ్చే దెబ్బకు అరబీ వైద్యులు పెట్టిన పేరు 'సక్తా'. మౌనమనే అర్థం గల 'సుకూత్' పదానికీ దీనికీ ధాతువు ఒక్కటే. శరీరంలో సగభాగం పడిపోవడాన్ని 'ఫాలిజ్' అన్నారు. రెండుగా చీల్చడమనే అర్థం గల ధాతువు నుండి అది వచ్చింది. మన 'పక్షవాతం'లోని పక్షం కూడా దేహంలో ఒక పక్కనే సూచిస్తుంది. దేశాలు వేరైనా వైద్యులు చూసింది ఒక్కటే.

మాటకు సంబంధించిన లోపాలను అరబీ సాహిత్యకారులు విడివిడిగా పేర్కొన్నారు. 9వ శతాబ్దంలో బస్రాకు చెందిన జాహిజ్ 'అల్ బయాన్ వత్తబ్‌యీన్' గ్రంథంలో నత్తిని, అక్షరాలు తారుమారు కావడాన్ని, నాలుక తిరగకపోవడాన్ని చర్చించాడు. మాట్లాడదలచినప్పుడు మాట రాక ఆగిపోవడానికి వారు 'హుబ్సా' అన్న పదం వాడారు. నిర్బంధమని దాని మూలార్థం. మెదడు దెబ్బతిని భాష చెడిపోవడాన్ని ఆధునిక వైద్యం అఫేసియా అంటుంది. ఆధునిక అరబీ ఇందుకు ఈ హుబ్సా పదాన్నే ఎంచుకుంది. మాట చనిపోలేదు, బందీ అయిందన్న భావం ఆ పేరులో ఉంది. మన 'పడిపోయింది' అన్న మాటకంటె ఇది సత్యానికి దగ్గరగా ఉంది.

ఈ విద్య మన హైదరాబాదుకు దూరమైనదేమీ కాదు. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ 1955 నుండి అబూబక్ర్ రాజీ (మరణం క్రీ.శ. 925) మహాగ్రంథం 'అల్ హావీ'ని అనేక సంపుటాలుగా హైదరాబాదులో ముద్రించింది. అందులో మొదటి సంపుటం తలకు సంబంధించిన జబ్బులదే. అంతకు ముందు 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా, మరుసటి ఏడు ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం ఆధునిక శాస్త్ర పదాలను ఉర్దూలో తయారు చేసింది. జనం భాషలో శాస్త్రం చెప్పవచ్చునని ఆ తరం చూపింది.

ఫుకహాల దృష్టి

మాట లేనివాడి మాట చెల్లుతుందా? ఈ ప్రశ్నను వైద్యులకంటె గట్టిగా అడిగినవారు ధర్మశాస్త్రవేత్తలైన ఫుకహాలు. ఎందుకంటే వారి ముందు నికాహ్, తలాఖ్, క్రయవిక్రయాలు, వీలునామాలు ఉంటాయి.

మన మద్రసాలలో బోధించే 'అల్ హిదాయా' గ్రంథకర్త బుర్హానుద్దీన్ మర్గీనానీ (మరణం హి.శ. 593, క్రీ.శ. 1197) గ్రంథం చివరి భాగంలో ఈ విషయాన్ని వివరిస్తాడు. పుట్టు మూగవాడు రాసి గాని, అర్థమయ్యే సైగతో గాని తన అభిప్రాయం తెలిపితే అతని నికాహ్, తలాఖ్, కొనుగోలు, అమ్మకం అన్నీ చెల్లుతాయి. హద్దు శిక్షల విషయంలో మాత్రం సందేహానికి తావుండరాదు గనుక సైగ చాలదు. 19వ శతాబ్దపు ఉస్మానీ సామ్రాజ్య న్యాయసంహిత 'మజల్లా' కూడా తన 70వ నిబంధనలో, మూగవాడి వాడుక సైగ నోటిమాటతో సమానమన్న సూత్రాన్నే స్వీకరించింది.

ఇక జబ్బు వలన మాట ఆగిపోయినవాడి సంగతి. ఫుకహాలు ఇతనిని పుట్టు మూగవాడితో కలపకుండా 'నాలుక కట్టుబడినవాడు' అని వేరుగా చూశారు. వీలునామా చదివి వినిపించినప్పుడు ఇతడు తల ఊపితే అది చెల్లదని హనఫీల మూల అభిప్రాయం. ఇమామ్ షాఫిఈ దృష్టిలో ఇద్దరి సైగా చెల్లుతుంది. హనఫీల కారణం గమనించదగినది. ఇతని బుద్ధి చెడిందని వారు అనలేదు. ఈ అడ్డంకి తాత్కాలికం, రేపు తొలగి అతడే నోటితో చెప్పవచ్చు, పైగా అతని సైగలు ఇంకా ఎవరికీ అలవాటు కాలేదు అన్నారు. ఆ స్థితి చాలాకాలం సాగి, అతని సైగల అర్థం తెలిసిపోతే అతడు కూడా మూగవాడితో సమానుడవుతాడు. ఎంతకాలం అన్న విషయంలో అభిప్రాయభేదం ఉంది. కొందరు ఒక సంవత్సరం గడువు పెట్టారు, మరికొందరు మరణం దాకా అన్నారు.

ఇక్కడ ఫత్వా ఇవ్వడం మా పని కాదు. మేము చెప్పదలచింది ఒక్కటే. మాట ఆగింది గనుక మనిషి లెక్కలో లేడన్న నిర్ణయానికి ఫుకహాలు రాలేదు. సైగ స్పష్టమా, స్థిరమా అని అడిగారు. తమ వద్ద ఉన్న సాధనాలతో బుద్ధినీ వాక్కునూ వేరు చేసి చూశారు.

పారిస్‌లో ఒక రోగి

మెదడులో చోటు ఏది అన్న పాత ప్రశ్నకు 1861లో పారిస్‌లో ఒక జవాబు దొరికింది. బిసేత్ర్ ఆస్పత్రిలో 21 ఏండ్లుగా ఉన్న లెబోర్న్ అనే 51 ఏండ్ల రోగి 'టాన్' అన్న ఒక్క శబ్దం తప్ప దాదాపు ఏమీ పలకలేడు. ఆ శబ్దాన్నే రకరకాల స్వరంతో పలుకుతూ, చేతులతో సైగలు చేసేవాడు. లెక్క అడిగితే వేళ్ళతో చూపేవాడు. ఎదుటివారి మాటలు చాలావరకు అతనికి అర్థమయ్యేవి. ఆ ఏడు ఏప్రిల్‌లో అతడు మరణించినప్పుడు పాల్ బ్రోకా అనే శస్త్రవైద్యుడు మెదడును పరీక్షించి, ఎడమ అర్ధగోళం ముందు భాగంలో మూడవ మడత వద్ద నష్టం కనుగొన్నాడు. మరికొందరు రోగులను చూసిన తర్వాత, మనం మాట్లాడేది ఎడమ అర్ధగోళంతోనని 1865లో ప్రకటించాడు. 2007లో అదే మెదడును నూతన యంత్రాలతో పరీక్షించగా, దెబ్బ బ్రోకా అనుకున్నదానికంటె లోతుగా వ్యాపించినట్లు తేలింది.

1874లో జర్మన్ వైద్యుడు వెర్నికె ఇందుకు భిన్నమైన స్థితిని వర్ణించాడు. ఈ రోగులు ధారాళంగా మాట్లాడతారు. కాని మాటలు కలగాపులగంగా ఉండి అర్థం కుదరదు; ఎదుటివారు చెప్పేదీ సరిగా తెలియదు. వీరిలో చెవి వైపున్న వెనుక భాగం దెబ్బతిని ఉంటుంది. కనుక మాట రాకపోవడం ఒకటి, మాట అర్థం కాకపోవడం మరొకటి. మొదటివాడిని మతిలేనివాడనీ, రెండవవాడిని పిచ్చివాడనీ జనం అనుకుంటారు. రెండూ తప్పే.

ఇదే కాలంలో ఇంగ్లండులో హ్యూలింగ్స్ జాక్సన్ మరో సంగతి గమనించాడు. మాట పోయిన రోగి నోట కొన్నిసార్లు అలవాటైన పదాలు, ప్రార్థనా వాక్యాలు వాటంతటవే వస్తాయి. కొత్తగా ఒక వాక్యం కూర్చడం వేరు, కంఠస్థమైనదాన్ని ఒప్పజెప్పడం వేరు. మంచినీళ్ళు అడగలేని వృద్ధుడు చిన్ననాడు నేర్చిన సూరాను చదవగలిగితే ఇంట్లోవారు ఆశ్చర్యపోతారు, ఒక్కోసారి "నటిస్తున్నాడు" అని కూడా అంటారు. అది నటన కాదు, మెదడులో ఆ రెండు పనుల దారులు ఒకటి కాకపోవడం.

మాట తయారయ్యే తీరు

20వ శతాబ్దంలో పరిశోధన మరణించిన మెదడు నుండి సజీవమైన మెదడు వైపు మళ్ళింది. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ మూర్ఛరోగుల శస్త్రచికిత్స సమయంలో, రోగి మెలకువగా ఉండగా, మెదడు పైపొరను స్వల్పమైన విద్యుత్తుతో తాకి ఏ చోటు ఏ అవయవాన్ని కదిలిస్తుందో గుర్తించాడు. తర్వాత నెదర్లాండ్స్‌లో విలెమ్ లెవెల్ట్, ఆయన సహచరులు మాట పుట్టే దశలను కాలంతో సహా లెక్కగట్టారు. ఒక వస్తువు బొమ్మ చూసి దాని పేరు పలకడం మొదలుపెట్టడానికి మనిషికి సుమారు 600 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ స్వల్పకాలంలో భావం ఏర్పడాలి, తగిన పదం ఎన్నిక కావాలి, పదంలోని ధ్వనులు వరుస తీరాలి, పెదవులకు, నాలుకకు, స్వరపేటికకు ఆజ్ఞలు పోవాలి.

మన మార్కెట్ యార్డు సంగతే తీసుకుందాం. రాశిలోని కొమ్మును చూసిన రెండు భాషల హమాలీ మెదడులో 'పసుపు', 'హల్దీ' రెండూ మేల్కొంటాయి. ఎదుట ఉన్నవాడు ఎవరో చూసి ఒకదాన్ని ముందుకు తేవాలి, రెండవదాన్ని ఆపాలి. మొదటి పదం పెదవుల వద్ద మొదలవుతుంది, రెండవది గొంతు అడుగున. ఈ ఎన్నిక, ఈ ఆపుదల రోజుకు ఎన్నిసార్లు జరుగుతాయో లెక్కలేదు.

2013లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో ఎడ్వర్డ్ చాంగ్ బృందం, మూర్ఛరోగుల మెదడు పైపొర మీద అమర్చిన సన్నని విద్యుత్ తంతుల సహాయంతో, వారు అక్షరాలు పలుకుతుండగా మెదడు పనిచేసే తీరును నమోదు చేసింది. మాటను నడిపే ఆ భాగంలో పెదవులకు, నాలుకకు, స్వరపేటికకు సంబంధించిన చోట్లు క్రమంగా అమరి ఉన్నాయి. పెదవులతో పలికే హల్లులు ఒక గుంపుగా, నాలుక కొనతో పలికేవి ఒక గుంపుగా, నాలుక వెనుక భాగంతో పలికేవి మరో గుంపుగా కనిపించాయి. మఖారిజ్ చదివినవారికి ఈ విభజన పరిచితమే. అయితే ఆధునిక శాస్త్రమంతా పూర్వ గ్రంథాలలోనే ఉందని చాటుకోవడం మా ఉద్దేశం కాదు. ఖలీల్‌కు మెదడు సంగతి తెలియదు. ఆయన నోటిని నిజాయితీగా పరిశీలించాడు. ఆ నోటిని నడిపే మెదడు అదే క్రమాన్ని కొంతవరకు పాటించడం సహజమే.

2024లో అదే బృందం, పక్షవాతంతో మాట పోయిన ఒక వ్యక్తి మెదడు సంకేతాలను చదివి, అతడు చెప్పదలచిన స్పానిష్, ఇంగ్లీషు వాక్యాలను తెర మీద చూపగల యంత్రాన్ని వివరించింది. ఉచ్చారణను నడిపే భాగంలో రెండు భాషలకూ చాలావరకు ఉమ్మడి సంకేతాలే ఉన్నట్లు తేలింది. బందీ అయిన మాటకు బయటి దారి చూపే ప్రయత్నమిది.

హైదరాబాదు పరిశోధనలు

బ్రోకా నుండి లెవెల్ట్ దాకా ఈ పరిశోధన ఎక్కువగా కొద్దిపాటి యూరపు భాషలలో, చదువుకున్నవారి మీద సాగింది. రెండు భాషలవారిని పరిశీలించినప్పుడు కూడా వారు తరచు వలస వచ్చినవారో, ఎక్కువ చదివినవారో అయి ఉండేవారు. కనిపించిన తేడా భాషల వలన వచ్చిందా, చదువు వలన వచ్చిందా, వలస వలన వచ్చిందా అన్నది తేలేది కాదు.

ఈ చిక్కును విడదీయడానికి హైదరాబాదు తగిన చోటు అయింది. ఇక్కడ తెలుగు, దక్కనీ కుతుబ్‌షాహీల కాలం నుండి పక్కపక్కనే ఉన్నాయి. బడికి పోనివారు కూడా ఇరుగుపొరుగు వలన, బజారు వలన రెండు భాషలు మాట్లాడతారు. నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో, అనగా నిమ్స్‌లో, డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం, ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్ తదితరులతో కలిసి, మతిమరుపు జబ్బు గల 648 మంది రోగుల వివరాలను పరిశీలించి 2013లో ప్రకటించింది. వారిలో 391 మంది రెండు లేక అంతకు మించిన భాషలవారు. ఒకే భాష వచ్చినవారికంటె వీరికి జబ్బు సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. రెండుకు మించి భాషలు వచ్చినందువలన అదనపు లాభం కనిపించలేదు.

మన విషయానికి ఇంకా దగ్గరైనది ఆ తర్వాతి పరిశోధన. పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించిన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. దెబ్బ తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవారు రెండు భాషలవారిలో 40.5 శాతం, ఒకే భాషవారిలో 19.6 శాతం. కాని అఫేసియా విషయంలో తేడా దాదాపు లేదు. ఒకే భాషవారిలో 11.8 శాతం, రెండు భాషలవారిలో 10.5 శాతం. రెండవ భాష మాటను దెబ్బ నుండి కాపాడలేదు, ఆలోచనను మాత్రం కొంత కాపాడింది. పదాన్ని ఎన్నుకుని, మరొకదాన్ని ఆపే నిత్యసాధన వలన మెదడులోని అదుపుశక్తి బలపడటమే ఇందుకు కారణమై ఉండవచ్చునని పరిశోధకుల అభిప్రాయం. 2017లో 193 మంది రోగులతో వెలువడిన మరో పరిశోధనలోనూ, మెదడు ముందు భాగం క్షీణించే జబ్బులో ప్రవర్తన చెడే రకం రెండు భాషలవారిలో ఆలస్యంగా వచ్చింది. భాష చెడే రకంలో అట్లాంటి తేడా కనిపించలేదు. అయితే అఫేసియా వచ్చిన 65 మందిని పోల్చిన 2019 నాటి పరిశోధనలో, దాని తీవ్రత ఒకే భాషవారిలో ఎక్కువగా ఉన్నట్లు తేలింది.

ఈ ఫలితాలను అందరూ ఒప్పుకున్నారని చెప్పరాదు. ఆరోగ్యవంతులను ఏండ్ల తరబడి వెంబడించి చూసిన కొన్ని విదేశీ పరిశోధనలలో రెండు భాషల వలన లాభం కనిపించలేదు. చర్చ సాగుతూనే ఉంది. కాని హైదరాబాదు లెక్కలు ఒక విషయాన్ని మన ముందు నిలిపాయి. వాక్కు, ఆలోచన రెండూ ఒకే దెబ్బకు ఒకే తీరుగా లొంగవు. చదువురాని రెండు భాషల మనిషి ఈ శాస్త్రానికి విలువైన సాక్షి.

మన కర్తవ్యం

ఆర్మూరు వంటి పసుపు పట్టణంలో ఈ చరిత్రకు పనికివచ్చే ఫలితం ఏమిటి?

మొదటిది కాలం. మాట హఠాత్తుగా తడబడినా, మూతి పక్కకు పోయినా, చెయ్యి లేవకున్నా రోగిని వెంటనే తలకు స్కానింగ్ చేసే ఆస్పత్రికి తరలించాలి. రక్తపు గడ్డ వలన వచ్చిన పక్షవాతంలో గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపు పనికివస్తుంది. దువా చేయడం, చికిత్సకు పరుగెత్తడం ఒకదానికొకటి అడ్డు కావు.

రెండవది భాష. రోగి ఏ భాషలో జీవించాడో ఆ భాషలో పరీక్షించాలి. రెండు భాషలలో జీవిస్తే రెండింటిలోనూ చూడాలి; ఒక్కోసారి ఒక భాష ముందు, మరొకటి తర్వాత తిరిగి వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి మెదడు శక్తుల పరీక్షలను హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం అనే అయిదు భాషలలో తయారు చేయించింది. ఆ అయిదింటిలో ఉర్దూ లేదు. ఇంట్లో దక్కనీ మాత్రమే మాట్లాడిన వృద్ధురాలిని తెలుగు పదాలతో పరీక్షిస్తే వచ్చే అంకె ఆమె మెదడు గురించి నిజం చెప్పదు. ఇక్కడ అనువాదకులకూ, ఉలమాకూ చేయదగిన పని ఉంది.

మూడవది గౌరవం. మాట లేనివాడిని అడగాలి. జవాబుకు సమయం ఇవ్వాలి. అవును, కాదు అని చెప్పగల చిన్న ప్రశ్నలు వేయాలి. ఈ జబ్బులో తల ఊపడం కూడా తారుమారు కావచ్చు గనుక, అదే సంగతిని తలకిందులుగా మరోసారి అడిగి సరిచూడాలి. సైగ స్పష్టమా, స్థిరమా అని ఫుకహాలు అడిగిన ప్రశ్న మంచం పక్కన పనికివచ్చేది ఇట్లానే. అర్థం చేసుకునే శక్తి కూడా దెబ్బతిన్నదా అన్నది వైద్యుడు తేల్చాలి, వారసులు కాదు. అంతవరకు కాగితాల మీద వేలిముద్ర వేయించే తొందర తగదు.

నాలుగవది హక్కు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అఫేసియా వంటి కారణాల వలన కలిగే శాశ్వతమైన వాక్కు, భాషా లోపాన్ని వైకల్యాలలో ఒకటిగా గుర్తించింది. ఆస్తి విషయంలోనూ, ఇతర వ్యవహారాలలోనూ వికలాంగులకు ఇతరులతో సమానమైన చట్టబద్ధ స్థానాన్ని అది అంగీకరించింది. ఈ సంగతి మన మస్జిదులలోనూ, కులపెద్దల సభలలోనూ, అడ్తి దుకాణాలలోనూ తెలియవలసి ఉంది.

మూసా ప్రవక్త (అ.స.) తన నాలుక ముడి విప్పమని అల్లాహ్‌ను వేడుకున్న సంగతి, తనకంటె ధారాళంగా మాట్లాడే సోదరుడు హారూన్ (అ.స.)ను సహాయంగా కోరిన సంగతి మనకు తెలిసినవే. మాటలో ఇబ్బంది ఉన్నందువలన ఆయనకు అప్పగించిన పని ఆగలేదు. తోడుగా మరొకరి నాలుక లభించింది. మాట బందీ అయిన మన పెద్దలకు అట్లాంటి తోడు కావడం మన బాధ్యత. అల్లాహ్ మనకు ఆ ఓపికనూ, ఆ వివేకాన్నీ ప్రసాదించుగాక.